సైకిలు మీద వెళ్తూ గాయపడితే: చట్టం ఇచ్చే ఆసరా

సైకిలు తొక్కడానికి లైసెన్సు అక్కర్లేదు. సైకిలుకు రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు, బీమా చేయించాలన్న నిబంధనా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం లెక్కలో అది అసలు మోటారు వాహనమే కాదు. అందువల్ల లారీయో ట్రాక్టరో గుద్దినప్పుడు, తమ దగ్గర కాగితాలేవీ లేవు కాబట్టి పరిహారం అడిగే హక్కు కూడా లేదని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా తప్పు. అదే చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీదికి వచ్చే మోటారు వాహనానికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. ఆ థర్డ్ పార్టీలో పాదచారి, సైకిలు తొక్కేవాడు ముందు వరసలో ఉంటారు. ప్రీమియం కట్టేది వాహన యజమాని అయినా, ఆ బీమాను తప్పనిసరి చేసింది ఆ వాహనం వల్ల దెబ్బతిన్నవాళ్ల కోసమే.

కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఈ హక్కు అవసరం తరచుగా పడుతుంది. ఆదోని పత్తి మార్కెట్ యార్డుకు, జిన్నింగు మిల్లులకు వెళ్లే హమాలీలు, ఎమ్మిగనూరులో నూలు, చీరల మూటలు వెనక కట్టుకుని తిరిగే నేత కార్మికులు, చుట్టుపక్కల పల్లెల నుంచి హైస్కూలుకు వచ్చే పిల్లలు ఇప్పటికీ సైకిలునే నమ్ముకున్నారు. ఆదోని మీదుగా పోయే 167వ నంబరు జాతీయ రహదారి ఒకవైపు ఆలూరు, బళ్లారి దారిని, మరోవైపు మంత్రాలయం, రాయచూరు దారిని కలుపుతుంది. పత్తి సీజనులో నిండా లోడెత్తిన లారీలు, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, కర్ణాటక నంబరు వాహనాలు, మంత్రాలయం యాత్రికుల కార్లు అన్నీ ఈ దారుల్లోనే సైకిళ్ల పక్కనుంచి పోతాయి. సైకిలు వాడికి సొంత పాలసీ లేదు కాబట్టి అతని కేసు మొత్తం రెండు విషయాల మీద నిలబడుతుంది: గుద్దిన వాహనం ఏదో తేలడం, పోయిన సంపాదన ఎంతో రుజువు కావడం. ఈ రెండింటికీ ఆధారాలు దొరికేది ప్రమాదం జరిగిన మొదటి కొన్ని రోజుల్లోనే.

ఆసుపత్రిలో, పోలీసు స్టేషనులో

ప్రమాదం జరగగానే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. ఆసుపత్రికి తీసుకువెళ్లినవాళ్లను పోలీసు కేసుల్లో ఇరికిస్తారన్న భయం ఇంకా ఉంది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో ఇచ్చిన తీర్పు, 2019 సవరణతో వచ్చిన 134ఎ సెక్షన్ అలాంటివారికి రక్షణ ఇస్తున్నాయి. సాయం చేసినవాడు ఇష్టం లేకపోతే పేరు చెప్పనక్కర్లేదు, సాక్షిగా రమ్మని అతన్ని బలవంతపెట్టకూడదు. అయితే అతను ప్రమాదాన్ని కళ్లారా చూసి ఉండి, మాట చెప్పడానికి ఒప్పుకుంటే బాధితుడికి అంతకంటే మేలు లేదు.

ఆసుపత్రి రిజిస్టరులో రాసే మొదటి వాక్యం దగ్గరే చాలా కేసులు దెబ్బతింటాయి. ఏం జరిగిందని డాక్టరు అడిగితే కంగారులో బంధువులు 'సైకిలు మీద నుంచి పడ్డాడు' అనేస్తారు. అది అలాగే నమోదవుతుంది. రెండేళ్ల తరువాత బీమా కంపెనీ వకీలు ఆ కాగితం చూపించి, ఇందులో వాహనం ప్రసక్తే లేదు, తనంతట తానే పడ్డాడు అని వాదిస్తాడు. ఏ వాహనం, ఎక్కడ, ఎన్ని గంటలకు గుద్దిందో మొదటిసారే స్పష్టంగా చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించాలి. ఆదోని ఏరియా ఆసుపత్రిలో ప్రథమ చికిత్స చేసి కర్నూలు పెద్దాసుపత్రికి పంపినా, మొదట చూసిన చోట ఇచ్చే వుండ్ సర్టిఫికెట్‌కు ఉన్న విలువ తగ్గదు.

చికిత్స ఖర్చుకు 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ఉంది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా, మనిషికి లక్షన్నర రూపాయల వరకు, పథకం పరిధిలోని ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండా వైద్యం పొందవచ్చు. మోటారు వాహనం వల్ల గాయపడినవారెవరికైనా ఇది వర్తిస్తుంది కాబట్టి సైకిలు వాళ్లకూ వర్తిస్తుంది. పోలీసులకు సమాచారం వెళ్లడం ఇక్కడా అవసరమే.

2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలవుతోంది. నిర్లక్ష్యంగా వాహనం నడిపినందుకు 281, గాయపరిచినందుకు 125, ప్రాణం పోతే 106(1) సెక్షన్ల కింద కేసు పెడతారు. ప్రమాదం తమ పరిధిలో జరగలేదని స్టేషను వాళ్లు వెనక్కి పంపకూడదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకుని సంబంధిత స్టేషనుకు పంపాల్సిందే. అప్పటికీ తీసుకోకపోతే రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి పంపే దారి ఉంది. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితం. ఆసుపత్రిలో పడి ఉండటం వల్ల ఫిర్యాదు కొన్ని రోజులు ఆలస్యమైతే అంతమాత్రాన క్లెయిమును అనుమానించరాదని సుప్రీంకోర్టు 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో చెప్పింది. ఆలస్యానికి కారణం మాత్రం ఫిర్యాదులోనే రాయాలి.

వాహనం నంబరు దొరికితే బీమా వివరాలు ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోవచ్చు. ట్రాక్టరు విషయంలో ఇంజను నంబరు ప్లేటుతోపాటు ట్రాలీ నంబరూ రాసుకోవడం మంచిది, ఎందుకంటే ఇంజనుకు పాలసీ ఉండి ట్రాలీకి లేనప్పుడు కంపెనీలు అభ్యంతరం లేవదీస్తాయి. నుజ్జయిన సైకిలును పోలీసులు పంచనామా రాసి ఫోటోలు తీసేదాకా బాగు చేయించకూడదు, పాత ఇనుముకు అమ్మకూడదు. చక్రం వెనకనుంచి వంగిందా పక్కనుంచి వంగిందా, దాని మీద ఏ రంగు అంటుకుంది అన్నవే వాహనం ఎటు నుంచి వచ్చి గుద్దిందో చెప్పే సాక్ష్యాలు.

ఇక ఊళ్లో జరిగే రాజీ సంగతి. వాహన యజమాని మనుషులు ఆసుపత్రికి వచ్చి, ఖర్చుల కింద కొంత చేతిలో పెట్టి, కేసు వద్దని కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. పెద్దమనుషులు కూడా మంచిమాటగానే ఒప్పుకోమంటారు. కాలు విరిగిన మనిషికి రెండో ఆపరేషను అవసరమో కాదో ఆ రోజు ఎవరికీ తెలియదు. పోలీసు కేసు లేకపోతే బీమా కంపెనీ దాకా వెళ్లే దారి దాదాపు మూసుకుపోతుంది. యజమానికీ దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పాలసీ ఉంటే పరిహారం కట్టేది కంపెనీయే తప్ప అతను కాదు. ఈ ఒక్క మాట పంచాయితీలో విడమరిచి చెప్పగలిగితే చాలాచోట్ల ఒత్తిడి తగ్గుతుంది.

ట్రిబ్యునల్ దాకా

2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం కేసు భారం మొత్తం బాధితుడి మీద లేదు. దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను మోటారు ప్రమాద పరిహార కేసులు విచారించే ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. పది రోజుల్లో బాధితుడికి అతని హక్కులు తెలిపే రెండో నంబరు ఫారం ఇవ్వాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక దాఖలు చేయాలి. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ గడువులను గట్టిగా అమలు చేయాలని ఆదేశించింది. ఆ నివేదికనే ట్రిబ్యునల్ పరిహార దరఖాస్తుగా స్వీకరించాలని మోటారు వాహనాల చట్టం 166(4) సెక్షన్ చెబుతోంది. చాలామంది బాధితులకు రెండో నంబరు ఫారం అనేది ఒకటుందనే తెలియదు. అడిగి తీసుకోవాలి.

నివేదిక మీదే భరోసా పెట్టి కూర్చోవడం మాత్రం మంచిది కాదు. 166(3) సెక్షన్ ప్రమాదం నాటి నుంచి ఆరు నెలల గడువు పెట్టింది. ఈ గడువు చెల్లుతుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. గడువు దాటిందన్న కారణంతో దరఖాస్తులు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వూ వచ్చింది. మధ్యంతర ఉత్తర్వును నమ్ముకుని ఆలస్యం చేయడం కంటే ఆరు నెలల లోపే దరఖాస్తు వేయడం క్షేమం.

దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు. బాధితుడు నివసించే చోట గానీ, పని చేసుకునే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ వేయవచ్చు. పశ్చిమ కర్నూలుకు ఇది పెద్ద ఊరట. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడం పనులకు వలస పోయినవాళ్లు అక్కడ దెబ్బతింటే, ఎఫ్‌ఐఆర్ అక్కడ నమోదైనా క్లెయిము మాత్రం సొంత ఊరికి దగ్గరగా ఆదోనిలోని అదనపు జిల్లా కోర్టులో ట్రిబ్యునల్ ముందు నడుపుకోవచ్చు. గుద్దిన లారీ సిరుగుప్పదో రాయచూరుదో అయినా ఇదే వర్తిస్తుంది.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద ఉచిత సాయం ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, ఫ్యాక్టరీ కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. స్థానిక కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీలో గానీ, కర్నూలులోని జిల్లా సంస్థలో గానీ తెల్లకాగితం మీద రాసి ఇచ్చినా సరిపోతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు. సొంతంగా వకీలును పెట్టుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: వచ్చే పరిహారంలో ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టనక్కర్లేదు.

మరో జాగ్రత్త బీమా కంపెనీ ముందుగా ఇవ్వజూపే మొత్తం గురించి. 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో రుజువు చేయకుండానే మరణానికి అయిదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. త్వరగా వచ్చే డబ్బే. అయితే 149వ సెక్షన్ పద్ధతిలో దాన్ని పుచ్చుకుంటే ట్రిబ్యునల్‌లోని దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. గాయం పూర్తిగా మానేది, పనికి పూర్వంలా వెళ్లగలిగేది అయితే తీసుకోవచ్చు. జీవితాంతం మిగిలే వైకల్యం ఉంటే ఆ మొత్తం చాలా తక్కువ.

గుద్ది పారిపోయిన వాహనం

చీకట్లో గుద్ది వెళ్లిపోయిన వాహనం ఏదో ఎంత వెతికినా తేలకపోతే 161వ సెక్షన్ కింద సాయం ఉంది. పూర్వం మరణానికి 25 వేలు, తీవ్ర గాయానికి 12,500 ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది రెండు లక్షలు, 50 వేలు అయింది. దరఖాస్తు వెళ్లాల్సింది కోర్టుకు కాదు, రెవెన్యూ అధికారులకు. ఆదోని, ఎమ్మిగనూరు రెండూ ఆదోని రెవెన్యూ డివిజనులోనివే. విచారణ అధికారి నెలలోపు నివేదిక పంపితే, జిల్లా కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి. ఆ తరువాత డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. నెల రోజుల్లో వాహనం దొరక్కపోతే ఈ పథకం సంగతి పోలీసులే బాధితుడికి రాతపూర్వకంగా తెలియజేయాలని 2024 జనవరి 12న సుప్రీంకోర్టు రాజశేఖరన్ కేసులో ఆదేశించింది. తరువాత ఎప్పుడైనా వాహనం దొరికితే పూర్తి పరిహారం కోరవచ్చు; ముందు తీసుకున్నది అందులో సర్దుబాటు అవుతుంది.

ఇలాంటప్పుడు తెలిసినవాళ్ల బండి నంబరు ఇచ్చి కేసు నడుపుకోమని సలహా ఇచ్చేవాళ్లు తారసపడతారు. బీమా కంపెనీలు ఇలాంటివాటిని వెతికి పట్టుకుంటాయి. అప్పుడు క్లెయిము పోవడమే కాక బాధితుడే మోసం కేసులో ముద్దాయి అవుతాడు. నిజంగా దెబ్బ తగిలిన మనిషికి ఇంతకంటే అన్యాయమైన ముగింపు ఉండదు.

సైకిలు వాడిదే తప్పు అన్నప్పుడు

సైకిలుకు లైటు లేదు, రాంగ్ సైడులో వచ్చాడు, ఉన్నట్టుండి అడ్డం తిరిగాడు: బీమా కంపెనీలు చేసే వాదనలు ఇవే. బాధితుడి తప్పు కొంత ఉందని తేలినా క్లెయిము మొత్తం పోదు. ఎంత శాతం తప్పో అంత శాతం పరిహారం తగ్గుతుంది. ఆ తప్పును కంపెనీయే సాక్ష్యంతో చూపించాలి. మోటారు ప్రమాద కేసుల్లో క్రిమినల్ కేసులో లాగా సందేహానికి తావు లేని రుజువు అక్కర్లేదని, జరిగి ఉండే అవకాశం ఎటు ఎక్కువగా ఉందో చూస్తే చాలని 2009లో బిమలా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్రిమినల్ కోర్టులో డ్రైవరు నిర్దోషిగా బయటపడినంత మాత్రాన పరిహారం ఆగిపోదు. రోడ్డు మీద లైటు, హెచ్చరిక గుర్తు లేకుండా నిలిపి ఉంచిన ట్రాలీని రాత్రి వెనకనుంచి ఢీకొన్న సైకిలు వాడికీ క్లెయిము ఉంటుంది. నిర్లక్ష్యం ఆ ట్రాలీని అలా వదిలేసినవాడిది.

డ్రైవరుకు లైసెన్సు లేదని కంపెనీ చేతులెత్తేస్తే, ముందు బాధితుడికి చెల్లించి తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు దీనికి ఆధారం. గుద్దింది ఆర్టీసీ బస్సయితే ప్రైవేటు బీమా ఉండకపోవచ్చు. అప్పుడు సంస్థే చెల్లిస్తుంది. బీమా లేని ప్రైవేటు వాహనమైతే భారం యజమాని మీదే పడుతుంది. అతను తగిన పూచీ చూపనిదే ఆ వాహనాన్ని వదలకూడదని నిబంధన ఉంది కాబట్టి, విడుదల పిటిషను వచ్చినప్పుడు బాధితుడి తరఫున వకీలు ఆ కోర్టులో హాజరై ఉండటం అవసరం. మోటారు వాహనం ప్రమేయం లేకుండా, ఇంకో సైకిలు తగిలో పశువు అడ్డం వచ్చో పడితే ఈ ట్రిబ్యునల్‌కు అధికారం లేదు. సివిల్ కోర్టే దారి.

మగ్గం తొక్కే కాలికి విలువ కట్టడం

పరిహారం లెక్కలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది వైకల్య శాతం. డాక్టరు రాసే శాతం ఒకటి, ఆ వైకల్యం వల్ల సంపాదన ఎంత పడిపోయింది అన్నది మరొకటి. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ వేరుచేసి చెప్పింది. చెయ్యి పోయిన వడ్రంగికీ, డ్రైవరుకూ సంపాదన మొత్తం పోవచ్చు; అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలుపుకోవచ్చు. ఒక కాలుకో చేతికో రాసిన శాతం శరీరం మొత్తానికి ఎంత అవుతుందో కూడా డాక్టరు చెప్పాలి.

ఈ సూత్రం ఎమ్మిగనూరు నేత కార్మికుడికి అచ్చంగా వర్తిస్తుంది. గుంట మగ్గంలో కాళ్లు గుంటలోకి దించి, రోజంతా ఒకదాని తరువాత ఒకటి తొక్కుతూ ఉండాలి. మోకాలు వంగని మనిషి నడవగలడు, కొట్టులో కూర్చోగలడు, మగ్గం మాత్రం నేయలేడు. ఆదోని హమాలీకి వెన్నుపూస దెబ్బ ఇలాంటిదే. మనిషి చూడటానికి బాగానే ఉంటాడు, బోరెం మాత్రం ఎత్తలేడు. ట్రిబ్యునల్‌కు ఈ పని తీరు తెలియకపోవచ్చు. పని ఎలా చేస్తారో, ఆ పనికి ఏ అవయవం ఎలా వాడతారో బాధితుడి సాక్ష్యంలో, తోటి పనివాళ్ల సాక్ష్యంలో వివరంగా రావాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఒక్కటి దాఖలు చేసి ఊరుకోకుండా, చికిత్స చేసిన డాక్టరునో సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరునో సాక్షిగా పిలిపించాలి.

ఒక ఊహాజనిత లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. 38 ఏళ్ల నేత కార్మికుడి నెల సంపాదన 12 వేలు, సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం అనుకుందాం. ఏడాదికి 1,44,000. సొంత పని చేసుకునే, 40 ఏళ్ల లోపు వ్యక్తికి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది. గాయాల కేసులకూ అది వర్తిస్తుందని 2020లో పప్పూ దేవ్ యాదవ్ కేసులో తేలింది. కలిపితే 2,01,600. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 36 నుంచి 40 ఏళ్ల వయసుకు ఏడాది సంపాదనను హెచ్చించే గుణకం 15. సర్టిఫికెట్‌లోని 40 శాతాన్నే తీసుకుంటే సంపాదన నష్టం 12,09,600 అవుతుంది. మగ్గం పని పోవడాన్ని లెక్కలోకి తీసుకుని నష్టాన్ని 60 శాతంగా నిర్ణయిస్తే 18,14,400. ఆరు లక్షల పైచిలుకు తేడా వచ్చింది కేవలం పని తీరును కోర్టుకు సరిగా చెప్పడం వల్ల. దీనికి వైద్యం ఖర్చు, తోడున్నవారి ఖర్చు, మంచాన ఉన్న నెలల కూలి, నొప్పికీ బాధకూ ఇచ్చేది వేరుగా కలుస్తాయి. బిల్లులన్నీ, రానుపోను ఆటో రసీదులతో సహా దాచాలి.

సంపాదనకు రుజువు ఏమిటన్నది కూలి మనిషికి కష్టమైన ప్రశ్న. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం లాంటి సంఘంలో సభ్యుడైతే కూలి లెక్కలు సంఘం పుస్తకాల్లో దొరుకుతాయి. షావుకారు కింద నేసేవాడికి అతని చిట్టా పుస్తకం, నేత కార్మికుడి గుర్తింపు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం పనికొస్తాయి. హమాలీకి మార్కెట్ కమిటీ లైసెన్సు, వ్యవసాయ కూలీకి ఉపాధి హామీ జాబ్ కార్డు ఆధారాలే. ఏ కాగితమూ లేకపోయినా నిరాశపడనక్కర్లేదు. బెంగళూరులో కూలి పని చేసుకునే రామచంద్రప్ప నెలకు 4,500 వస్తుందని చెప్పిన మాటను, రాతపూర్వక రుజువు లేకపోయినా, సుప్రీంకోర్టు 2011లో అంగీకరించింది. కనీస వేతనాల నోటిఫికేషను కూడా లెక్కకు ఒక ఆధారం.

బడికి వెళ్లే పిల్లలు గాయపడితే తల్లి గానీ తండ్రి గానీ సంరక్షకులుగా దరఖాస్తు వేస్తారు. సంపాదన లేదు కాబట్టి నష్టం లేదన్న వాదన చెల్లదు. 2013లో మల్లికార్జున్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల వైకల్యానికి శాతాన్ని బట్టి లక్ష నుంచి ఆరు లక్షల దాకా మొత్తాలు సూచించింది. ఈ మధ్య తీర్పుల్లో నైపుణ్యం గల కార్మికుడి కనీస వేతనాన్నే పిల్లల ఊహాజనిత ఆదాయంగా తీసుకుంటున్నారు. ఈ రెండో పద్ధతిలో మొత్తం బాగా పెరుగుతుంది కనుక దాన్నే కోరాలి.

తీర్పు వచ్చాక

లోక్ అదాలత్‌లో రాజీకి కంపెనీలు తరచుగా ముందుకొస్తాయి. వేగం కావాలనుకునేవారికి అది మంచి దారి. అయితే అక్కడ కుదిరిన మొత్తం మీద అప్పీలు ఉండదు. అందుకే వైద్యం ముగిసి, వైకల్య సర్టిఫికెట్ చేతికి వచ్చాకే అంకెకు ఒప్పుకోవాలి. ట్రిబ్యునల్ తీర్పు ఇస్తే 30 రోజుల్లో కంపెనీ డబ్బు జమ చేయాలి. దరఖాస్తు వేసిన నాటి నుంచి వడ్డీ ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. పరిహారం నేరుగా బాధితుడి బ్యాంకు ఖాతాకే వెళ్లేలా చూడాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు చెప్పింది కాబట్టి ఖాతా, ఆధార్ వివరాలు దరఖాస్తు దశలోనే దాఖలు చేసుకోవచ్చు. కొంత భాగాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమని ఆదేశించినా, ఆపరేషనుకో పిల్లల చదువుకో ముందుగా తీసుకోవడానికి పిటిషను వేయవచ్చు.

మొత్తం తక్కువనిపిస్తే 90 రోజుల్లో అమరావతిలోని హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు; వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయల లోపయితే అప్పీలు లేదు. కేసు నడుస్తుండగా బాధితుడు కన్నుమూస్తే, ఆ మరణానికి గాయంతో సంబంధం ఉన్నా లేకపోయినా, పరిహారం కోరే హక్కు వారసులకు దక్కుతుందని 166(5) సెక్షన్ చెబుతోంది. అలాంటప్పుడు కుటుంబం వారసత్వ ధ్రువపత్రంతో అదే దరఖాస్తులో పార్టీలుగా చేరాలి. కొత్త కేసు వేయనక్కర్లేదు.